పదిహేడు నమూనాలు

పోయిన భాగం చదవనివాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు వెళ్దాం.

మున్సిపల్ ఆఫీసులో ఒక గుమస్తా ఉంది. ప్రతి శుక్రవారం అన్ని విభాగాల వెంటపడి చీటీలు అడుక్కుని, ఆ వారం ఊళ్లో ఏ సేవ ఎంతవరకు వచ్చిందో ఒక పేజీ బులెటిన్ రాసి, వరండాలో బోర్డుకి అంటించడం ఆమె పని. అందుకని ఆఫీసంతా ఆమెను శుక్రవారం అనే పిలుస్తుంది. అచ్చాఫీసు వెనక వీధిలో పైపు పగిలి, బాగుచేశాక నీళ్లు వదిలితే, వాటిలో మురుగు కలిసి నలభై ఒక్కమంది ఆసుపత్రి పాలయ్యారు. టైలర్‌గారి తల్లి చనిపోయింది. వాల్వ్ తిప్పింది ఈ గుమస్తా మేనమామ. అమ్మా నాన్నా లేని పిల్లను ఎత్తుకుని పెంచిన మనిషి. ఆయన్ని సస్పెండ్ చేశారు. వరండాలో టైలర్ ఆయన కాలర్ పట్టుకున్నాడు. ఆ తోపులాటలో నోటీసు బోర్డు అద్దం పగిలింది. ఈ శుక్రవారం నాలుగు గంటలకి విచారణాధికారి ముందు, "ఎవరూ చెప్పకుండా నా అంతట నేనే నీళ్లు వదిలాను" అన్న కాగితం మీద మామయ్య సంతకం పెట్టాలి. పెడితే ఉద్యోగం పోతుంది, పైన కేసు కూడా.

పోయిన భాగం చివర శుక్రవారం తన సొరుగు లాగి, నీటి విభాగం చీటీల కట్ట విప్పింది. ఆఖరి చీటీ పదమూడు వారాల కిందటిది. ఆ తర్వాత ఒక్క చీటీ కూడా లేదు. కానీ బోర్డు మీద మాత్రం పదకొండు వారాలు వరసగా ఒకే మాట ఉంది. "పదిహేడు నమూనాలు పరీక్షించాం. నీరు తాగడానికి అనుకూలం."

ఆ మాట ఆమే రాసింది. సరిగ్గా చెప్పాలంటే రాయలేదు కూడా, తేదీ మార్చింది.

ఈ తేదీ మార్చడం గురించి కాస్త చెప్పాలి. అది ఆ ఆఫీసు ఆచారం. ఏ విభాగమైనా చీటీ పంపకపోతే పోయిన వారం వాక్యమే ఉంచి పైన తేదీ మార్చేస్తారు. ఉద్యోగంలో చేరిన రోజే హెడ్ క్లర్క్ నేర్పాడు. "ఖాళీ వదిలావనుకో, ఎందుకు ఖాళీ అని పైనుంచి ఫోనొస్తుంది. పాత వాక్యం ఉంచావనుకో, ఎవరూ ఫోన్ చెయ్యరు. చదివేదెవరు తల్లీ?" అన్నాడు. పార్కులో ఊయల బాగుచేస్తున్నారని ఏడాదిన్నర పాటు ఆ బోర్డు చెబుతూనే ఉంది. పిల్లలు పెద్దవాళ్లయిపోయారు గానీ ఊయల మాత్రం బాగుపడుతూనే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి అది నవ్వుకునే సంగతిగానే మిగిలిపోయింది.

నీళ్లను పరీక్షించే ఆయన్ని సీసాల మాస్టారు అనేవాళ్లు. వీధి వీధికీ వెళ్లి కుళాయి నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చేవాడు. ఆయన రిటైరయ్యాడు. ఆ కుర్చీలోకి ఇంకొకరు రాలేదు. ఆయన సీసాలు మాత్రం అలమారలో బోర్లించి వరసగా ఉన్నాయి, దుమ్ము పట్టి.

శుక్రవారం ఉదయం పదింటికి ఆమె మామయ్య ఇంటికి వెళ్లింది. రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

మామయ్య ముందుగదిలో బల్ల మీద చొక్కా పరిచి ఇస్త్రీ చేసుకుంటున్నాడు. సంతకం పెట్టడానికి వేసుకెళ్లే చొక్కా. కాలర్ దగ్గర పిగిలిపోతే అత్తయ్య మళ్లీ కుట్టింది.

"రా అమ్మాయ్. ఆఫీసుకి వెళ్లలేదా? ఇవాళ నీ రోజు కదా," అన్నాడు తల ఎత్తకుండా.

"మామయ్యా, ఆ శనివారం వాల్వ్ ఎందుకు తిప్పావు?"

"నీళ్లాయన వాల్వ్ తిప్పక ఏం తిప్పుతాడు? మీసం తిప్పుతాడా?"

మామూలు రోజైతే ఆమె నవ్వేదే. "వేళాకోళం కాదు. పైపు రిపేరైతే పరీక్ష అయిందని తెలిసేదాకా నువ్వు వాల్వ్ ముట్టుకోవు. సూపర్‌వైజర్ ఫోన్లో అరిచినా వినవు. బుధవారం రిపేరైంది. గురువారం తిప్పలేదు. శుక్రవారమంతా జనం బిందెలు పట్టుకుని తిట్టిపోశారు, అప్పుడూ తిప్పలేదు. శనివారం పొద్దున్నే తిప్పేశావు. మధ్యలో ఏమైంది?"

ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఆగింది. చొక్కా మాడకముందే మళ్లీ కదిలింది.

"ఏమీ కాలేదు. బుద్ధి గడ్డి తింది."

"మధ్యలో నా బులెటిన్ వచ్చింది," అంది శుక్రవారం. "అది చూసి తిప్పావు. అవునా కాదా?"

ఆయన చొక్కా చేతుల మీద మడత సరిచేశాడు. మాట దాటేయాల్సి వచ్చినప్పుడల్లా ఆయన చేతికి ఏదో ఒక పని దొరుకుతుంది.

లోపల్నించి అత్తయ్య కేకేసింది. "దాన్ని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతావేంటి? రావే, టీ పెడుతున్నా."

వంటగదిలోకి వెళ్లిన శుక్రవారం గూట్లోంచి పంచదార డబ్బా తీయబోయి అలాగే నిలబడిపోయింది. డబ్బా కింద కాగితం పరిచి ఉంది. ఆ అక్షరాలు ఆమెకు తెలుసు. పక్క డబ్బా జరిపింది. అక్కడా అదే. ఆ ఇంట్లో గూళ్లన్నిటికీ ఆమె బులెటిన్లే పరుపులు. కొత్తది అంటించిన రోజు పాతదాన్ని మామయ్య మడతపెట్టి జేబులో పెట్టుకోవడం ఆమె ఎన్నోసార్లు చూసింది. ఏ చిత్తుకాగితాల వాడికో ఇస్తాడనుకుంది.

"మీ మామయ్య పిచ్చి అది," అంది అత్తయ్య స్టవ్ తగ్గిస్తూ. "మా అమ్మాయి రాసింది, పారేస్తే పాపమంటాడు. వారం వారం తెచ్చి ఇవ్వడం, నేను గూట్లో పరచడం. పోయిన వారం మాత్రం అన్నీ తీసి చాప మీద పరిచి, కళ్లజోడు పెట్టుకుని ఒక పూటంతా చదివాడు. మళ్లీ నన్నే పరిచెయ్యమన్నాడు. ఏం చదివాడో ఆయనకే తెలియాలి."

అయితే ఆయనకు తెలుసు. వారం రోజులుగా తెలుసు.

ఆమె వెనక్కి తిరిగేసరికి మామయ్య వంటగది తలుపు దగ్గర ఉన్నాడు.

"అద్దం పగిలిన రోజు ఆ పదకొండోది కింద పడింది. తెచ్చుకున్నా," అన్నాడు మెల్లగా. "రాత్రి చదివితే ఎక్కడో చదివినట్టే ఉంది. మిగతావి తీసి పక్కన పెట్టి చూశా. వారం వారం పదిహేడేనా అమ్మాయ్? సీసాల మాస్టారు ఒక వారం పద్నాలుగు తెచ్చేవాడు, ఒక వారం ఇరవై రెండు తెచ్చేవాడు. వానొస్తే తొమ్మిదే తెచ్చి తిట్టుకునేవాడు. ఆయన కాలికి పదిహేడు మీద అంత ప్రేమ ఎప్పుడూ లేదే అనుకున్నా."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"ఏమని అడగను?"

"ఇలా రాశావేమే అని! చెంప పగలగొట్టి అడగాల్సింది! విచారణలో చెప్పాల్సింది! బోర్డు మీద రాసుంది, చూసి తిప్పానని ఒక్క ముక్క చెబితే నీకీ గతి పట్టేదా?"

"చెబితే రాసిందెవరని అడుగుతారు."

"అడగనీ!"

"నోర్ముయ్," అన్నాడు మామయ్య. ఆ మాట ఆయన నోట ఆమె ఆఖరిసారి విన్నది బహుశా చిన్నప్పుడు బావి గట్టెక్కినప్పుడు. "నాకింకా పద్నాలుగు నెలల సర్వీసుంది. నీకింకా ఇరవై మూడేళ్లుంది. ఇందులో లెక్కేముంది? నేను ముసలాణ్ని. మతిమరుపంటారు, నిర్లక్ష్యమంటారు, నాలుగు రోజులు తిట్టి మర్చిపోతారు. నువ్వు తప్పుడు కాగితం రాశావంటే మళ్లీ ఎక్కడా కలం పట్టనివ్వరు. పైగా నేనేం పత్తిత్తునా? సీసాల మాస్టారి వీడ్కోలు రోజు కుర్చీలు వేసింది నేనే. ఆయన వెళ్లిపోయాడని ఊరంతటికంటే ముందు నాకు తెలుసు. ఎవరో కొత్తాయన వచ్చుంటాడులే అనుకున్నా."

"ఎలా అనుకున్నావు మామయ్యా? వస్తే నీకు కనపడడా?"

"నువ్వు రాశావు కదా," అన్నాడు.

అందులో నిష్ఠూరం ఉంటే ఆమె తట్టుకునేదేమో. అది అంత మామూలుగా అన్నాడు.

టీ పొంగి స్టవ్ ఆరిపోయింది. అత్తయ్య దాన్ని పట్టించుకోలేదు. ఇద్దరి ముఖాలూ చూస్తూ, విన్నదంతా ఒకదానికొకటి అతికించుకుంటూ నిలబడింది. ఆవిడకు ఈ సంగతి ఇప్పటిదాకా తెలియదు. మొగుడు మతి తప్పి వాల్వ్ తిప్పాడనే నమ్మి, పదమూడు రోజులుగా ఆయన్ని తిడుతూ, ఆయనకి అన్నం పెడుతూ, చాటుగా ఏడుస్తూ ఉంది.

"టైలర్ వాళ్లమ్మ నా బట్టలకి గుండీలు కుట్టేది," అంది చివరికి. "కళ్లు కనపడకపోయినా వేళ్లతో తడిమి కుట్టేది. ఒక్క గుండీ ఊడలేదు ఇప్పటిదాకా. ఆవిడెందుకు పోయిందో ఆవిడ కొడుక్కి తెలియొద్దా? మీరిద్దరూ ఒకళ్లనొకళ్లు కాపాడుకోండి, బాగుంది. ఆవిణ్ని ఎవరు కాపాడారు?"

"నీకు తెలీదు, ఊరుకో," అన్నాడు మామయ్య.

"నాకెప్పుడు తెలిసింది గనక!" అత్తయ్య ఒక్కొక్క డబ్బా తీసి కింద పెట్టడం మొదలుపెట్టింది. ఉప్పు డబ్బా, పప్పుల డబ్బాలు, మూత సరిగా పట్టని కాఫీ పొడి డబ్బా. గూట్లో కాగితాలు లాగి, తేదీలు చూసి, పదకొండూ ఏరింది. వాటి మీద డబ్బాల అడుగులు గుండ్రంగా మరకలు పడ్డాయి. దులిపి, మడతపెట్టి, మొగుడికి కాకుండా మేనకోడలి చేతికిచ్చింది.

"దీన్ని పెంచింది నువ్వొక్కడివే కాదు," అంది ఆయనతో. తర్వాత శుక్రవారంతో, "ఇవి నీవి. తీసుకెళ్లు. ఏం చేస్తావో నాకు చెప్పకు, వద్దనడానికి నోరొస్తుంది," అని మొహం తిప్పేసుకుంది.

మామయ్య గుమ్మందాకా వచ్చాడు. "అమ్మాయ్, నా మాట విను. నాలుగింటికి నేను సంతకం పెట్టేస్తా. ఈలోగా నువ్వేమీ చెయ్యకు. నా మీద ఒట్టు," అన్నాడు.

చిన్నప్పటినుంచీ ఆయన మీద ఒట్టు ఆమె తప్పలేదు. తల ఊపకుండానే మెట్లు దిగింది.

ఆఫీసుకి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పోయిన శుక్రవారం గొడవలో బులెటిన్ రాలేదు కాబట్టి, ఈ వారమైనా రావాలని కమిషనర్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఊరు కుదుటపడినట్టు కనపడాలట. వీధి దీపాలవాళ్లు చీటీ పంపారు. చెత్త బళ్లవాళ్లు పంపారు. కుక్కలకు సూదులు వేసేవాళ్లు ఎప్పుడూ లేనిది రెండు పంపారు. నీటి విభాగం నుంచి ఏమీ రాలేదు.

హెడ్ క్లర్క్ కుర్చీ లాక్కుని ఆమె బల్ల దగ్గర కూర్చున్నాడు. చెడ్డవాడేం కాదు. ఆమెకి జ్వరమొస్తే సెలవు చీటీ ఆయనే రాసి పంపిన రోజులున్నాయి.

"మీ మామయ్య పెద్దమనిషమ్మా. అన్నీ తన మీద వేసుకుంటున్నాడు. ఈ పూట గడిస్తే అందరం ఊపిరి పీల్చుకుంటాం," అన్నాడు.

"అందరం అంటే ఎవరు సార్?"

"అదేనమ్మా, ఆఫీసు. నీటి విభాగం చీటీ రాలేదని కంగారు పడకు. తేదీ మార్చి అంటించెయ్."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. నలభై ఒక్కమంది పడకేశాక, ఒక మనిషి పోయాక కూడా ఆ మాట ఆయన నోట అంత సులువుగా వచ్చేసింది. అంతకంటే భయం వేసిన సంగతి ఇంకొకటుంది. ఆ మాట విన్నాక ఆమె చేయి అలవాటుగా తేదీ మీదికి వెళ్లింది.

ఉత్తరం రాసి విచారణాధికారికి పంపాలని దారిలో అనుకుంది. కానీ ఏ ఉత్తరమైనా హెడ్ క్లర్క్ బల్ల మీదుగానే పైకి వెళ్తుంది. ఆ బల్లకి లోతైన సొరుగుంది. అక్కడ పడుకున్న కాగితం లేవదు. విచారణ జరిగే మేడ మీదికి వెళ్లి నిలబడితే, పిలిచేదాకా కూర్చోమంటారు, సంతకమయ్యాక పిలుస్తారు. ఎవరి అనుమతీ లేకుండా ఆమె చేయగలిగిన పని ఆ ఆఫీసులో ఒక్కటే ఉంది.

దీపాలు, చెత్త, కుక్కలు వరసగా టైపు చేసింది. నీటి విభాగం దగ్గర పాత వాక్యం చెరిపేసింది. తెల్లగా ఖాళీ మిగిలింది. కాసేపు దాన్నే చూసి, నాలుగు వాక్యాలు కొట్టింది.

"నీటి పరీక్షలు చేసే ఉద్యోగి పదవీ విరమణ చేసినప్పటినుంచి ఊళ్లో నీటిని ఎవరూ పరీక్షించలేదు. గత పదకొండు బులెటిన్లలో పదిహేడు నమూనాలు పరీక్షించామని వచ్చిన మాట నిజం కాదు. చీటీ రాకపోయినా పాత వాక్యాన్నే ఉంచింది నేను. వాల్వ్ ఆపరేటర్ ఆ మాట నమ్మి నీళ్లు వదిలారు."

బులెటిన్ కింద ఎప్పుడూ ఎవరి సంతకమూ ఉండదు. ఆమె పెట్టింది. ఆ సంతకం ఆమెకే కొత్తగా కనపడింది.

మూడున్నరకి వరండాలోకి వెళ్లి అంటించింది. అద్దం లేదు కాబట్టి తాళం అవసరం కూడా లేకపోయింది. బోర్డు పక్కనే జనన మరణ ధ్రువపత్రాల కిటికీ. దాని ముందు బెంచీ మీద ఒకే ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీయడం మర్చిపోయినట్టున్నాడు. టైలర్. తల్లి మరణ ధ్రువపత్రం కోసం మూడోసారి వచ్చాడు. సోమవారం రమ్మని ఈసారి కూడా చెప్పారు. అయినా కూర్చునే ఉన్నాడు.

ఆయన లేచి బోర్డు దగ్గరికి వచ్చాడు. శుక్రవారానికి పారిపోవాలనిపించింది. బోర్డు పక్కనే నిలబడింది.

పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదివాడు. దీపాలు చదివాడు, చెత్త చదివాడు. నీటి విభాగం దగ్గర ఆగాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"ఈ సంతకం ఎవరిది మేడం?"

"నాది."

ఆయన కోప్పడతాడని, అరుస్తాడని, మామయ్య కాలర్ పట్టుకున్నట్టు పట్టుకుంటాడని ఆమె ఎదురుచూసింది. ఆయన టేపు కొస వేలికి చుట్టుకున్నాడు, విప్పుకున్నాడు.

"రెండు రోజులు నీళ్లు రాలేదు కదా," అన్నాడు. "వచ్చినా తాగొద్దురా, రిపేరు నీళ్లు అంది మా అమ్మ. పాతకాలం మనిషి, అన్నిటికీ భయం. ఆఫీసుకెళ్లి బోర్డు చూసి రా అంది. ఆ శుక్రవారం సాయంత్రం నేనే వచ్చి చూశాను. ఇక్కడే నిలబడి చదివాను. ఇంటికెళ్లి, తాగొచ్చే అమ్మా, పరీక్ష చేశారట, పదిహేడు చేశారట అని చెప్పాను. మొదటి గ్లాసు నా చేత్తోనే ఇచ్చాను."

చదివేదెవరు తల్లీ అన్న హెడ్ క్లర్క్ మాట ఆమె చెవుల్లో మోగింది. చదివినవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు నీళ్లు వదిలారు. ఒకరు తల్లికి తాగించారు.

"నన్ను క్షమించమని అడగను. అడిగే మొహం లేదు," అంది. కన్నీళ్లు వాటంతట అవే కారుతున్నాయి.

వరండా చివరినుంచి హెడ్ క్లర్క్ దాదాపు పరుగున వస్తున్నాడు. ఎవరో చెప్పినట్టున్నారు. "ఏంటమ్మా ఈ పని? మతి పోయిందా? తీసెయ్ ముందు!" అంటూ బోర్డు మీదికి చేయి చాచాడు.

టైలర్ అరచేయి కాగితం మీద ఆనించాడు. సూది పోట్లతో గరుకుబారిన అరచేయి. "దీని మీద చెయ్యి వెయ్యకండి సార్," అన్నాడు. గొంతు పెంచలేదు. హెడ్ క్లర్క్ చేయి గాల్లోనే ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఇస్త్రీ చొక్కా కనపడింది.

మామయ్య వరండా మెట్లెక్కాడు. మేనకోడల్ని చూశాడు, టైలర్‌ని చూశాడు, కాగితం మీదున్న చేతిని చూశాడు. అక్కడ ఏం రాసి ఉందో ఆయనకు చదవకుండానే అర్థమైంది. ఆయన నడక ఆగలేదు. వాళ్లను దాటుకుని, పైమెట్ల వైపు, ముందెప్పుడూ నడవనంత వేగంగా నడిచాడు.

"మామయ్యా, ఆగు!"

"సంతకం పెట్టేస్తానని చెప్పాను కదే, ఒట్టు కూడా పెట్టాను," అన్నాడు వెనక్కి తిరగకుండా, మెట్లెక్కుతూనే.

ఇన్నేళ్లలో ప్రతి శుక్రవారం ఆ బోర్డు ముందు నిలబడి, చివరి అక్షరందాకా చదివి, మా అమ్మాయి రాసిందని పక్కవాళ్లకు చూపించి మరీ వెళ్లే మనిషి, ఈ శుక్రవారం ఆగలేదు.

పైన తలుపు తెరుచుకున్న చప్పుడైంది. "వాల్వ్ ఆపరేటర్, లోపలికి రండి," అన్నారెవరో. తలుపు మూసుకుంది.

టైలర్ కాగితం నాలుగు మూలలూ చిరగకుండా బోర్డు నుంచి ఊడదీశాడు. గుడ్డ మడతపెట్టినంత జాగ్రత్తగా మడిచాడు. హెడ్ క్లర్క్‌ని పక్కకి జరిపి, మెట్ల వైపు తిరిగాడు.

"ఆ మిగతా పదకొండూ మీ దగ్గరున్నాయా మేడం?" అని అడిగాడు.